మానసిక రోగికి పరిచర్య : చట్టము, ధర్మము, చికిత్స

కర్నూలు జిల్లా నైరుతి భాగమున, గుంతకల్లు జంక్షనుకు చేరువలో మద్దికెర ఉన్నది. అచటి ఒక రైతు కుటుంబమును ఊహించుకొందము. వేరుశనగ కాయలు పెరుకు కాలము. ఇరువది యేండ్ల కుమారుడు కొన్ని వారములుగా సరిగా నిదురపోవుట లేదు. ఎదుట ఎవరును లేకున్నను ఎవరికో బదులు చెప్పుచున్నాడు. తన అన్నములో విషము కలుపుచున్నారని అనుమానించుచున్నాడు. ఇంటివారు గాలి సోకినదనుకొని మొదట గుడికో దర్గాకో తీసికొని పోయిరి. ఒకనాడు అతడు కట్టె ఎత్తి తండ్రిమీదికి పోగా, భయపడి ఎద్దుల పగ్గముతో కాలుసేతులు కట్టి, జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చిరి. వారికి బిడ్డపై ద్వేషము లేదు. భయము మాత్రమే ఉన్నది.

ఆసుపత్రిలో అతనికి మొదట ఎదురగు మనిషి తరచుగా నర్సు. ఆ పగ్గమును విప్పవలెనా, ఉంచవలెనా? ఇది చిన్న ప్రశ్నగా తోచును గాని, ఇందులో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. చట్టము దేనిని అనుమతించును? ధర్మము దేనిని కోరును? రోగము నెమ్మదించుటకు ఏది తోడ్పడును? ఈ మూడింటికి సమాధానములు వేరువేరని పలువురు తలచెదరు. నిజమునకు అవి చాలవరకు ఒకే మార్గమును చూపును.

మానసిక రోగిని బంధించుట ప్రపంచమంతట ఉండిన ఆచారమే. పారిస్ నగరము దగ్గర బిసేత్ర్ ఆసుపత్రిలో రోగులకు ఇనుప సంకెలలు వేయుచుండిరి. 1797లో వానిని తీయించినవాడు ఝాఁ బాప్తిస్త్ ప్యుసాఁ. అతడు వైద్యుడు కాడు. తోలు పని చేసినవాడు, ఒకప్పుడు అదే ఆసుపత్రిలో గండమాల రోగిగా చేరి, పిమ్మట అచటనే రోగుల పాలన చూచినవాడు. సుప్రసిద్ధ వైద్యుడు ఫిలిప్ పినెల్ రోగులతో మెలగవలసిన తీరును అతని నుండి నేర్చుకొనెను. రాత్రింబవళ్లు రోగి వద్దనుండు పరిచారకునికి కలుగు జ్ఞానము ఎంత విలువైనదో ఈ వృత్తాంతము తెలుపును.

తెలుగు దేశమున విశాఖపట్టణములో 1871లోనే మానసిక రోగుల కొరకు ఒక ఆశ్రయము ఏర్పడినది. బ్రిటిషు ప్రభుత్వము 1912లో చేసిన చట్టము రోగిని 'ఉన్మత్తుడు' అని పేర్కొని, అతని హక్కుల కంటె అతనిని నిర్బంధించు పద్ధతికే ఎక్కువ ప్రాధాన్యమిచ్చెను. దాని స్థానమున 1987లో మరియొక చట్టము వచ్చినది. అయినను సంకెలలు మాయము కాలేదు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో, రోగులనుంచిన ఒక తాటాకు పాకకు నిప్పంటుకొన్నది. స్వస్థత కలుగునను ఆశతో కుటుంబములు అచటి దర్గా పరిసరములకు తీసికొని వచ్చి వదలిన రోగులు వారు. గొలుసులతో కట్టబడి ఉండుటచే పరుగెత్తలేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ దుర్ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించినది.

2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29న అమలులోనికి వచ్చినది. దాని 95వ సెక్షను ప్రకారము రోగిని ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదు. మత్తుమందు, కండరములను సడలించు మందు ఇవ్వక విద్యుత్ చికిత్స చేయరాదు. 97వ సెక్షను ప్రకారము ఏకాంత నిర్బంధము నిషిద్ధము. రోగిని కదలకుండ ఆపుట కూడ, రోగికో ఇతరులకో తక్షణము కలుగబోవు హానిని తప్పించుటకు వేరు మార్గము లేనప్పుడే, చికిత్స చేయు మనోవైద్యుని అనుమతితోనే జరుగవలెను. ఎందుకు, ఎట్లు, ఎంతసేపు ఆపిరో వెంటనే వ్రాయవలెను. రోగి తన తరఫున నియమించుకొన్న ప్రతినిధికి 24 గంటలలోగా తెలుపవలెను. శిక్షగా గాని, బెదరింపుగా గాని, సిబ్బంది చాలరను కారణమున గాని రోగిని కట్టరాదు.

ఇది కేవలము దయ వలన పుట్టిన నియమము కాదు; దీని వెనుక శరీరశాస్త్రము ఉన్నది. భయపడిన మనిషి రక్తములో ఎడ్రినలిన్ అధికమగును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, దేహము పోరుటకో పారిపోవుటకో సిద్ధమగును. తనను చంపజూచుచున్నారని నమ్మిన వానిని కట్టివేసినచో, అతని నమ్మకమునకు సాక్ష్యము చూపినట్లే అగును. బోర్ల పరుండబెట్టి అదిమినచో ఊపిరి ఆడక ప్రాణాపాయము కలుగవచ్చును. చాలసేపు కదలక ఉన్నచో కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును.

కావున శిక్షణ పొందిన నర్సు గదిలోని గుంపును బయటికి పంపును. రోగికి చేయి చాచినంత దూరమునకు వెలుపల, తలుపునకు అడ్డము రాకుండ నిలుచును. మెల్లగా, చిన్న మాటలతో పలుకరించును. "విషము లేదు" అని వాదింపదు; "ఉన్నది" అని ఒప్పుకొనదు. "నాయనా, నీకు శానా భయంగా ఉన్నట్టుంది. ఇక్కడ నిన్నెవరూ కొట్టరు" అని అతని భయమును మాత్రము గుర్తించును. తినుటకు తొక్క తీయని అరటిపండును, త్రాగుటకు మూత విప్పని నీళ్ల సీసాను ఇచ్చును. అరటిపండు తొక్క తానే ఒలుచుకొనిన వానికి విషమను శంక కొంత తగ్గును. నర్సుకు, రోగికి మధ్య ఏర్పడు ఇట్టి నమ్మకమే చికిత్సలో ఒక భాగమని అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లా 1952లో ప్రకటించిన గ్రంథమున వివరించెను.

తరువాతి మెట్టు సమ్మతి. మానసిక రోగి అయినంత మాత్రమున మనిషి నిర్ణయము చేయలేడని చట్టము తలపదు. అతని నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినను, అదొక్కటే అతనికి శక్తి లేదనుటకు ఆధారము కాదు. వ్యాధి ఏమి, మందు ఏమి, దానివలన కలుగు ఇబ్బందులేమి అను విషయములను అతనికి అర్థమగు భాషలో తెలుపవలెను. మద్దికెర యువకునకు కర్నూలు సీమ తెలుగులో చెప్పినదే నిజమైన వివరణ. తీవ్రావస్థలో అతడు నిర్ణయింపలేనిచో, ఇద్దరు నిపుణులు వేరువేరుగా పరీక్షించి, ప్రతినిధి కోరికపై 30 దినములవరకు చేర్చుకొనవచ్చును. కాని ప్రతి 7 దినములకు అతని శక్తిని మరల పరీక్షింపవలెను. నేడు లేని శక్తి వచ్చేవారము రావచ్చును గదా!

మూడవది గోప్యత. ఊరివాడొకడు వచ్చి "వానికేమైంది సిస్టర్?" అని అడిగినచో నర్సు చెప్పరాదు. రోగి సమ్మతి లేక ఫోటోను గాని సమాచారమును గాని పత్రికలకు ఇచ్చుట నిషిద్ధము. ప్రాణాపాయమును తప్పించుట, కోర్టు ఆజ్ఞ మొదలగు కొలది సందర్భములలో మాత్రమే మినహాయింపు కలదు. రహస్యము బయటపడిన ఊరిలో పనియు, పెండ్లియు దుర్లభమగును. ఆ భయముచే రోగులు మందుకే రాకుందురు. గోప్యత కూడ ఔషధమే అగుట ఇందువలననే.

మందుల కాపుదలయందును ఇదే సూత్రము. ఉత్సాహము, విషాదము హద్దుమీరి మారుమారు వచ్చు వ్యాధికి లిథియం ఇచ్చెదరు. రక్తములో అది సాధారణముగా లీటరుకు 0.6 నుండి 1.2 మిల్లీమోలుల వరకు ఉండవలెను, 1.5 దాటినచో విషలక్షణములు కనిపింపవచ్చును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మండుటెండలో చెమటతో నీరు, ఉప్పు పోయినచో మూత్రపిండములు లిథియమును ఎక్కువగా నిలువచేయును. కావున నీళ్లు చాలినంత త్రాగుమనియు, ఉప్పు మానవద్దనియు, చేతులు వణకినను, వాంతులు, విరేచనములు, నడకలో తూలుట కలిగినను వెంటనే రమ్మనియు నర్సు చెప్పును. ఈ మాటలు తెలుపుట చట్టరీత్యా బాధ్యత, ధర్మరీత్యా సత్యము, వైద్యరీత్యా ప్రాణరక్షణ.

ఉపాధ్యాయులకును ఇందులో పాత్ర కలదు. నిదుర చెడి, చదువు మాని, ఒంటరియై, లేని స్వరములను వినుచున్న విద్యార్థిని ఎగతాళి నుండి కాపాడి, తల్లిదండ్రులకు వేరుగా చెప్పి, ఆలస్యము లేక వైద్యునికి చూపింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి ఎవరైనను ఉచితముగా సలహా పొందవచ్చును.

మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. యువకుడు అరటిపండు తిని, మందు తీసికొనుటకు అంగీకరించినాడు. నర్సు ఆ పగ్గమును చుట్టచుట్టి తండ్రి చేతికిచ్చును. అది ఇంటివద్ద ఎద్దులకు కావలసినది; ఇచట దానితో పని లేదు.