నిజాంపట్నం, మోటుపల్లి ఓడరేవులు

నిజాంపట్నం, మోటుపల్లి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని బాపట్ల జిల్లాకు చెందిన ప్రాచీన ఓడరేవులు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని ప్రాంతాలను వేరుచేసి 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. ఆ విధంగా, అంతకుముందు వేరువేరు జిల్లాలలో ఉన్న ఈ రెండు రేవులు ఒకే జిల్లాలోకి వచ్చినవి. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉన్నది.

మోటుపల్లి

ఇది చినగంజాం మండలంలోని గ్రామము. కాకతీయుల కాలంలో ప్రధాన రేవు. పూర్వం తుఫానుకు కొట్టుకొని వచ్చి ఒడ్డున పడిన ఓడలలోని సరుకునంతటినీ రాజులు స్వాధీనం చేసుకొనేవారు. సర్వం కోల్పోయిన వర్తకుని మరల దోచుకొనడమే ఇది. కాకతి గణపతిదేవుడు 1244-45లో ఇచ్చట వేయించిన అభయశాసనం ఈ ఆచారాన్ని రద్దుచేసి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొనబడునని ప్రకటించినది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు. తుఫానులు తరచుగా వచ్చే ఈ తీరంలో పరదేశ వర్తకులకు ఇంతకంటె కావలసిన హామీ మరొకటి లేదు. మార్కోపోలో పేర్కొన్న 'ముత్‌ఫిలి' ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆయన ఇక్కడి వజ్రాలను, అతి సన్నని నేత వస్త్రాలను మెచ్చుకొన్నాడు.

నిజాంపట్నం

రేపల్లెకు దక్షిణాన ఉన్న ఈ రేవును ఐరోపావారు పెట్టపోలి అన్నారు. పెదపల్లె అన్న పేరుకు ఇది వికృతి. డచ్చివారు 1606లో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. 1611లో 'గ్లోబ్' అను ఓడలో వచ్చిన ఆంగ్లేయులు మచిలీపట్నం కంటె ముందు ఇక్కడే దిగారు. వారిని ఆకర్షించినవి అద్దకపు బట్టలు. ఎర్రరంగునిచ్చే చిరివేరు ఈ ప్రాంతపు ఇసుకనేలలలో పెరిగేది. 1687 నాటికి ఆంగ్లేయులు ఈ స్థావరాన్ని వదలిపెట్టారు. 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నంతో పాటు నిజాంపట్నం సర్కారును కూడ వారికి ఇచ్చివేశాడు.

కృష్ణానది తెచ్చే ఒండ్రు వలన ఇక్కడి సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా నిలిస్తే పడవలలో సరుకు చేరవేయవలసివచ్చేది. 1916లో తెనాలి నుండి వేసిన రైలుమార్గం రేపల్లెతోనే ఆగిపోయినది, రేవు వరకు రాలేదు. నిజాంపట్నం నేడు చేపల రేవు. సమీపంలో మడ అడవులు ఉన్నవి.

1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుఫాను వలన వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసి వేలమందిని బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది.