కళాయి పూతలో నక్షత్ర రహస్యం

నా చిన్నతనంలో మా వీధికి కళాయి సాయిబు వచ్చాడంటే అమ్మ యిత్తడి గిన్నెలన్నీ అరుగుమీద పెట్టించేది. ఆయన తిత్తి వూది, గిన్నె కాచి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె వెండిలా మెరిసేది.

“సెగ మితంగా వుండాలి బాబూ, లేకపోతే తగరం నిలవదు” అనేవాడు.

ఆ తగరం ఎక్కడిది? గనిలోది అంటాం. గనికి ముందు? నక్షత్రాలలోది! 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ ఈ సంగతిని ఒక పెద్ద వ్యాసంలో విడమరచి చెప్పారు. యినుముకన్న బరువైన పరమాణు కేంద్రాలు చాలావరకు న్యూట్రాన్లను మింగి పెరిగినవే. కాని సుమారు 35 అరుదైన కేంద్రాలు ఆ దారిన పుట్టవు. తగరంలో నూటికి ఒకటిగా వుండే తగరం-112 అటువంటిదే.

పెద్ద నక్షత్రం పేలినప్పుడు 200, 300 కోట్ల డిగ్రీల వేడిలో గామా కిరణాలు బరువైన కేంద్రాలనుంచి న్యూట్రాన్లను, ప్రోటాన్లను, ఆల్ఫా కణాలను రాలగొడతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చింతచెట్టును దులిపినట్లన్నమాట!

ఆ వేడిని మేము తేలేము. అందుకని కథను చివరినుంచి చదువుతాము. తగరం-112 పూసిన పల్చని రేకుమీదికి ఆల్ఫా కణాలను విసురుతాము. ఎక్కడో ఒకటి అతుక్కుని టెల్లూరియం-116 అవుతుంది. అతుక్కోవడం ఎంత సులభమో తెలిస్తే, వూడిపోవడం ఎంత సులభమో లెక్క కట్టవచ్చు. అయితే టెల్లూరియం-116 రెండున్నర గంటల్లో సగానికి తరిగిపోతుంది. కణధార ఆగగానే రేకు తీసుకుని, సీసపు గోడలమధ్య గామా కిరణాలను లెక్కించే పరికరం దగ్గరకు పరుగెత్తాలి.

ఒక రాత్రి లెక్క మరీ తక్కువగా వస్తున్నదని ఆత్రపడి కణధార పెంచాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. తెల్లవారి చూస్తే పూత ముద్దలు కట్టింది. ఏడాదిగా ఎదురుచూసిన అవకాశం నా చేతులారా పోగొట్టుకున్నాను. సాయిబు మాట అప్పుడు గుర్తుకు వచ్చింది!

మరోసారి మా వంతు వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి సన్నని సెగతోనే పని నడిపాను. లెక్క కొద్దిగానే వచ్చింది. కాని నికరంగా వచ్చింది.

యింత తాపత్రయం ఎందుకంటారా? 1998లో హంగరీలోని డెబ్రెసెన్‌లో సమేరియం-144 ఆల్ఫా కణాలను పట్టుకునే తీరు కొలిస్తే, సిద్ధాంతం చెప్పినదానికన్న ఎంతో తక్కువ వచ్చింది. కొలవనిదే నమ్మరాదు మరి. మాలిబ్డినం, రుథేనియంలలోని అరుదైన కేంద్రాల లెక్క నేటికీ కుదరడం లేదు.

అమ్మ గిన్నె యిప్పటికీ మా యింట్లో వుంది. కళాయి చాలావరకు అరిగిపోయింది. వేసేవారికోసం వెతుకుతున్నాను.