చూపు లేకున్నా, డబ్బు తన చేతిలోనే

చదువు రాకముందు బ్యాంకుకు వెళ్లిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. పాస్‌బుక్కు ఎవరి చేతికో ఇవ్వాలి. "ఎంత ఉందో కాస్త చూసి చెప్పన్నా" అని అడగాలి. ఆయన చెప్పిందే లెక్క. కాగితం మీద ఏం రాశారో తెలియదు. చూపించిన చోట వేలిముద్ర వేయాలి. నాలుగు అక్షరాలు వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇప్పుడు సంతకం మనమే పెడుతున్నాం. లెక్క మనమే చూసుకుంటున్నాం.

మరి చూపు లేనివారి సంగతి ఏమిటి? వారిలో బాగా చదువుకున్నవారు ఉన్నారు. ఉద్యోగం చేసేవారు, వ్యాపారం చేసేవారు, ఇల్లు నడిపేవారు ఉన్నారు. వారికీ సంపాదన ఉంది. బ్యాంకులో ఖాతా ఉంది. కార్డూ ఉంది. అయినా డబ్బు తీసుకోవాలంటే చాలాసార్లు ఇంకొకరి కళ్లు కావలసి వస్తోంది. ఎందుకు? లోపం మనిషిలో ఉందా, మిషన్‌లో ఉందా? తెలుసుకుందాం.

రహస్య సంఖ్య

ఏటీఎం కార్డుకు ఒక రహస్య సంఖ్య ఉంటుంది. దాన్ని పిన్ అంటారు. ఎక్కువగా నాలుగు అంకెలు ఉంటాయి. కార్డు తలుపైతే పిన్ తాళంచెవి. రెండూ ఉన్నవారు ఖాతాలోని డబ్బు తీసుకోవచ్చు. అందుకే పిన్ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకువారు పదే పదే చెబుతారు. కన్నబిడ్డకైనా చెప్పవద్దంటారు.

కాని ఏటీఎం తెర మీద రాతలే ఉంటే, చూపు లేని స్త్రీ ఏం చేస్తుంది? పక్కనున్నవారికి కార్డు ఇస్తుంది. పిన్ చెబుతుంది. వారు తీసి ఇచ్చినంత తీసుకుంటుంది. వారు మంచివారైతే సరే. కాకపోతే? ఎవరికీ చెప్పవద్దని ఒక పక్క హెచ్చరిక. చెప్పకపోతే పని జరగని మిషన్ ఇంకో పక్క. ఇది ఆమె తప్పు కాదు. మిషన్ చేసినవారు ఆమెను తలచుకోలేదు. అంతే.

బ్యాంకు కాదనవచ్చా?

ఒకప్పుడు చాలా బ్యాంకులు చూపు లేనివారికి చెక్కుబుక్కు ఇచ్చేవి కావు. ఏటీఎం కార్డు ఇచ్చేవి కావు. "మీరు మోసపోతారు, మాకెందుకు తంటా" అన్నట్టు ఉండేది వాటి తీరు. చూపు లేనివారు ఊరుకోలేదు. ఫిర్యాదు చేశారు. 2005లో వికలాంగుల ప్రధాన కమిషనర్ వారి పక్షాన తీర్పు చెప్పారు.

తర్వాత 2008 జూన్‌లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ ఉత్తరువు పంపింది. దేశంలో బ్యాంకులన్నిటికీ పెద్ద రిజర్వు బ్యాంకు. ఆ ఉత్తరువు సారం ఇది: చూపు లేనివారు చట్టం ప్రకారం ఒప్పందం చేసుకోగలవారే. కాబట్టి చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు, అప్పు, ఏదైనా అందరికీ ఇచ్చినట్టే వారికీ ఇవ్వాలి. చూపు లేదని కాదనకూడదు.

వేలితో చదివే మీటలు

ఏటీఎంలో అంకెల మీటలను ఒకసారి తడిమి చూడండి. 5 మీద చిన్న బొడిపె తగులుతుంది. మామూలు మీటల ఫోనులోనూ ఉంటుంది. ఎందుకు పెట్టారో తెలుసా? అది దారి చూపే గుర్తు.

వేలికి 5 దొరికితే మిగతావన్నీ దొరికినట్టే. 5కు పైన 2. కింద 8. ఎడమన 4. కుడిన 6. 2కు ఎడమన 1, కుడిన 3. 8కి ఎడమన 7, కుడిన 9. 8కి కింద సున్నా. కళ్లు మూసుకుని నాలుగుసార్లు తడిమితే ఎవరికైనా పట్టుబడుతుంది.

చాలా మిషన్లలో పక్కన ఇంకో మూడు మీటలుంటాయి. సరే అనడానికి ఆకుపచ్చ మీట. దాని మీద గుండ్రని గుర్తు. వద్దనడానికి ఎర్ర మీట. దాని మీద అడ్డంగా కొట్టేసినట్టు గుర్తు. తప్పు నొక్కితే చెరపడానికి పసుపు మీట. రంగు కనబడనివారికి ఆ ఉబ్బెత్తు గుర్తులే ఆధారం.

కొన్ని మీటల మీద బ్రెయిలీ చుక్కలు కూడా ఉంటాయి. బ్రెయిలీ అంటే వేలితో చదివే లిపి. ఫ్రాన్సు దేశానికి చెందిన లూయీ బ్రెయిలీ దాన్ని తయారుచేశారు. ఆయనకు చిన్నతనంలోనే చూపు పోయింది. 1829లో ఆ లిపి గురించి పుస్తకం వేశారు. ఆరు చుక్కలే దానికి మూలం. ముగ్గులో చుక్కలు పెట్టినట్టు, ఏ చుక్క ఉబ్బి ఉందో దాన్నిబట్టి అక్షరం మారుతుంది. తెలుగును కూడా బ్రెయిలీలో రాయవచ్చు, చదవవచ్చు.

మాట్లాడే ఏటీఎం

మీటలు తెలిసినంత మాత్రాన చాలదు. తెర మీద ఏం అడుగుతోందో తెలియాలి కదా? అందుకే మాట్లాడే ఏటీఎంలు వచ్చాయి. కెనడా దేశంలో 1997లోనే ఒకటి పెట్టారు. మన దేశంలో 2012 జూన్‌లో అహ్మదాబాదులో యూనియన్ బ్యాంకు ఒకటి ప్రారంభించింది.

ఇది ఎలా పనిచేస్తుంది? మిషన్‌కు చిన్న రంధ్రం ఉంటుంది. ఇంటినుంచి తెచ్చుకున్న ఇయర్‌ఫోను వైరు అందులో పెట్టాలి. అప్పుడు మిషన్ చెవిలో చెబుతుంది. కార్డు పెట్టండి అంటుంది. పిన్ నొక్కండి అంటుంది. డబ్బు తీయాలంటే ఏ మీట, నిలవ తెలియాలంటే ఏ మీట, అన్నీ చెబుతుంది. నొక్కిన పిన్ అంకెలను మాత్రం పలకదు. కొన్నిటిలో తెరను నల్లగా చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. వెనక నిలబడ్డవారికి ఏమీ కనబడదు, వినబడదు. రహస్యం రహస్యంగానే ఉంటుంది.

2014 జూలై 1 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటీఎం మాట్లాడేదిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చూపు తక్కువగా ఉన్నవారి కోసం ప్రతి బ్యాంకు శాఖలో భూతద్దం ఉంచాలనీ చెప్పింది. ఆదేశం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉందని కాదు. కొన్నిచోట్ల ఆ రంధ్రం దుమ్ముపట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మాట రాదు. మిషన్ మాట్లాడకపోతే బ్యాంకులో రాసి ఇవ్వాలి. అది దయ కోసం అడగడం కాదు. ఉన్న నియమాన్ని గుర్తుచేయడం.

ఏ కార్డు ఏది?

ఆధార్, బస్సు పాసు, బ్యాంకు కార్డు, అన్నీ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి. తడిమితే తేడా తెలియదు. బ్యాంకు కార్డుకు ఒక పక్క చతురంగా చిన్న చిప్పు ఉంటుంది. వేలికి కొద్దిగా తగులుతుంది. కార్డును ఎటు పెట్టాలో దాన్నిబట్టి తెలుస్తుంది. కాని రెండు బ్యాంకుల కార్డులుంటే ఏం చేయాలి?

2021లో మాస్టర్‌కార్డు సంస్థ ఒక ఉపాయం ప్రకటించింది. కార్డు అంచున చిన్న గంటు పెట్టడం. గుండ్రని గంటు ఉంటే డెబిట్ కార్డు, అంటే మన ఖాతాలో డబ్బు తీసేది. పలకగా ఉంటే క్రెడిట్ కార్డు, అంటే అప్పు మీద కొనేది. మూడు మూలల గంటు ఉంటే ముందుగానే డబ్బు నింపుకున్న కార్డు. చూడండి, ఎంత చిన్న గంటు! ఎంత పెద్ద సాయం! అలాంటి కార్డు లేనివారు వేరువేరు సంచుల్లో పెట్టుకోవచ్చు. లేదా మూలన చిన్న టేపు ముక్క అతికించుకోవచ్చు. చిప్పు మీద, వెనకున్న నల్ల పట్టీ మీద మాత్రం అతికించకూడదు.

అద్దం లాంటి మిషన్

దుకాణాల్లో కార్డు పెట్టే చిన్న మిషన్ ఉంటుంది. పాతవాటికి మీటలున్నాయి. 5 మీద బొడిపె ఉంది. ఇప్పుడు కొన్ని మిషన్లు ఫోనులాగ నున్నగా వస్తున్నాయి. అంతా అద్దమే. తడిమితే ఏమీ తగలదు. కనబడేవారికి అది కొత్త సొగసు. చూపు లేనివారికి అది మూసిన తలుపు. మళ్లీ పిన్‌ను దుకాణదారుకు చెప్పాల్సిన గతి. కొత్తది వచ్చిందంటే మేలు జరిగిందని అనుకోకూడదు. అందరికీ పనికొస్తోందా అని చూడాలి.

మాట్లాడే ఫోను

తెర ఉన్న ఫోనులో టాక్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంటుంది. వేలు పెట్టిన చోట ఏముందో ఫోను పైకి చదువుతుంది. రెండుసార్లు తడితే ఆ పని చేస్తుంది. దీనితో చూపు లేనివారు ఎందరో ఫోను నుంచే డబ్బు పంపుతున్నారు. ఇయర్‌ఫోను పెట్టుకుంటే పక్కవారికి వినబడదు. కాని ఆ ఏర్పాటు ఊరికే పనిచేయదు. ప్రతి బొమ్మకూ పేరు రాసి ఉంచితేనే చదవగలదు. పేరు రాయకపోతే "బటన్, బటన్" అంటుంది. ఏ బటనో చెప్పదు. మామూలు మీటల ఫోను ఉన్నవారికి 2022 మార్చిలో యూపీఐ 123పే అనే పద్ధతి వచ్చింది. ఒక నంబరుకు ఫోను చేసి, వింటూ మీటలు నొక్కి డబ్బు పంపవచ్చు.

ఫోనులో ఖాతా తెరవడంలో ఇంకో చిక్కు వచ్చింది. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, బతికున్న మనిషే అని తేల్చుకోవడానికి "కళ్లు ఆర్పండి" అని ఫోను అడుగుతుంది. చూపు లేనివారు ఎలా ఆర్పుతారు? యాసిడ్ దాడిలో రెప్పలు కాలిపోయిన స్త్రీ ఎలా ఆర్పుతుంది? అలాంటి బాధితులు, చూపు లేని ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు ఇచ్చింది. కళ్లు ఆర్పడం ఒక్కటే కాదు, వేరే దారులూ ఉండాలంది. ఇలాంటి సేవలు అందరికీ అందడం బతికే హక్కులో భాగమంది.

మనం ఏం చేయగలం?

పొదుపు సంఘంలో చూపు లేని సభ్యురాలు ఉండవచ్చు. ఇరుగుపొరుగున ఉండవచ్చు. వారికి సాయం చేసేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

1. పిన్ అడగవద్దు. ఆమె చెప్పబోయినా వద్దనండి. ఆమె వేలిని 5 మీద పెట్టి పక్కకు జరగండి. మీట ఆమె నొక్కుతుంది.

2. నోట్లు ఒక్కొక్కటి చేతిలో పెట్టండి. "ఇది వంద, ఇది అయిదు వందలు" అని చెప్పండి. కొత్త 100, 200, 500 నోట్ల మధ్య పొడవు తేడా 4 మిల్లీమీటర్లే. అందుకే అంచున ఉబ్బెత్తు గీతలు పెట్టారు. వందకు నాలుగు, అయిదు వందలకు అయిదు. నోటు నలిగితే ఆ గీతలు తెలియవు. కొందరు ఒక్కో నోటును ఒక్కో తీరుగా మడిచి పెట్టుకుంటారు. ఆ మడత మార్చవద్దు.

3. వేలిముద్రతో డబ్బు ఇచ్చేచోట, ముద్ర వేయకముందే ఎంత తీస్తున్నారో పైకి చెప్పమనండి. తర్వాత రసీదు చదివి వినిపించండి. ఇది చదువు రానివారికీ పనికొస్తుంది.

4. ఆమెతోనే మాట్లాడండి. "ఈమెకు ఎంత కావాలట?" అని పక్కవారిని అడగవద్దు. డబ్బు ఆమెది. మాటా ఆమెదే.

అక్షరం రానప్పుడు మనకు తోడు కావలసి వచ్చింది. అక్షరం వచ్చాక తోడు అక్కర్లేకపోయింది. చూపు లేనివారికి ఒక బొడిపె, ఒక గంటు, చెవిలో ఒక మాట ఉంటే చాలు. ఎవరి డబ్బు వారే చూసుకుంటారు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

మీ ఊరికి దగ్గరలోని ఏటీఎంలో ఇయర్‌ఫోను పెట్టే రంధ్రం ఉందా? మాట వస్తోందా?

మీ బ్యాంకులో భూతద్దం ఉందా?

కళ్లు మూసుకుని మీ ఫోనులో ఒక నంబరు నొక్కి చూడండి. 5 ఎలా దొరికింది?

కొత్త మాటలు

పిన్ – రహస్య సంఖ్య
బ్రెయిలీ – వేలితో చదివే చుక్కల లిపి
బొడిపె – వేలికి తగిలే చిన్న ఉబ్బు
ఉత్తరువు – పై అధికారి ఇచ్చే ఆజ్ఞ