పసివారి నిద్రకు క్రమమే మందు

రాత్రి పదకొండు దాటినా ఏడాదిన్నర పాప రెప్ప వాల్చదు. నిద్రపోయినా రెండు మూడుసార్లు లేచి ఏడుస్తుంది. విసిగిపోయిన పెద్దలు కొందరు మత్తుగా పడుకుంటుందని జలుబు మందు చెంచాడు పోస్తుంటారు. ఇది ప్రమాదకరం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.

ఎంత నిద్ర అవసరం?

ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఎందుకు లేస్తారు?

రాత్రంతా నిద్ర ఒకే తీరుగా సాగదు. గాఢనిద్ర, కలతనిద్ర ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. కలతనిద్రలో పిల్లలకు కాస్త మెలకువ వస్తుంది. ఊయలలోనో, భుజంపైనో నిద్రపోవడం అలవాటైన బిడ్డ అప్పుడు మళ్లీ అదే కావాలని ఏడుస్తుంది. అందుచేత కళ్లు మూతలు పడుతుండగానే, పూర్తిగా నిద్రపోకముందే పక్కపైకి చేర్చాలి. తల్లో తండ్రో పక్కన ఉంటే చాలు. మొదట కొన్నాళ్లు మారాం చేసినా, క్రమంగా తానే నిద్రలోకి జారుకుంటుంది.

ఏం చేయాలి?

రోజూ ఒకే వేళకు అన్నం, గోరువెచ్చని నీటితో స్నానం, కథ లేదా జోలపాట, ఆపై లైటు ఆర్పడం... ఈ వరుస తప్పకూడదు. పడుకునే ముందు గంటసేపు టీవీ, సెల్‌ఫోన్ చూపరాదు. ఆ వెలుతురు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. సాయంత్రం పొద్దుపోయాక పగటి నిద్ర పనికిరాదు. నోట్లో పాలసీసాతో పడుకోబెడితే పళ్లు పుచ్చుతాయి.

తరచూ గురక పెడుతున్నా, నిద్రలో శ్వాస ఆగి ఆగి వస్తున్నా ఆలస్యం చేయక పిల్లల వైద్యుని సంప్రదించాలి.