మన డిగ్రీ లెక్క తేల్చే కాడ మనోళ్లు ఎవలున్నరు?

మొన్న మా మెట్‌పల్లిల డిగ్రీ ఫైనలియర్ చదివే తమ్ముడొకడు జర్మనీ యూనివర్సిటీ అప్లికేషన్ నింపుకుంట అడిగిండు: "అన్నా, ఈసీటీఎస్ ఎన్ని అని అడుగుతుండ్రు. మన మెమోల క్రెడిట్లు ఉన్నయ్ గదా, గవే ఎయ్యాల్నా?"

ఎయ్యద్దు అన్న. పేరు ఒక్కటే గాని తూకం వేరు. మన కాడ వారానికి గంట పాఠం చొప్పున సెమిస్టరంతా చెప్తె ఒక క్రెడిట్. అంటె సారు చెప్పిన గంటల లెక్క. యూరప్‌ల ఒక క్రెడిట్ అంటె పిల్లగాడు చదువు మీద పెట్టిన 25 నుంచి 30 గంటలు. క్లాసు, లైబ్రరీ, ఇంటికాడ చదువుడు, పరీక్ష అన్నీ అండ్లనే. ఏడాదికి 60 క్రెడిట్లు. అటు పోదామనుకునేటోళ్లు సిలబస్ కాపీలు, ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలో ఉన్న కాగితాలు ఇప్పటిసంది దాచుకోండ్రి, పనికొస్తయ్.

మరి ఈ రూల్స్ అక్కడ ఎవలు పెట్టిండ్రు? 1999 జూన్ 19న ఇటలీల బొలోనా అనే పట్నంల 29 దేశాలు సంతకాలు పెట్టినయ్. డిగ్రీ, పీజీలు అన్ని దేశాలల్ల పోల్చుకునే తీరుగ ఉండాలె, క్రెడిట్లు ఒక దేశంల సంపాయిస్తె ఇంకో దేశంల చెల్లాలె అన్నది ఒప్పందం. ఇప్పుడు అండ్ల 49 దేశాలున్నయ్.

సంతకాలు సర్కార్లయి. గాని 2001ల స్పెయిన్‌ల సలామాంకా కాడ యూనివర్సిటీలన్నీ కూడి యూరోపియన్ యూనివర్సిటీ అసోసియేషన్ అని ఒక్క సంఘమైనయ్. అదే ఏడాది ప్రాగ్‌ల మంత్రుల మీటింగ్ అయితె, ఆ సంఘానికీ, స్టూడెంట్ల సంఘానికీ ఈ పనిల సలహాదారుల జాగ దొరికింది. ఓటు లేదు, మాట ఉంది.

ఆ మాటకు ఎంత బలమున్నదో ఒక్క ముచ్చట చెప్త. 2003ల బెర్లిన్‌ల మంత్రులు, కాలేజీల నాణ్యత ఎట్ల తేల్చాల్నో మీరే రాసి తెండ్రి అని సంఘాలకు అప్పజెప్పిండ్రు. యూనివర్సిటీల సంఘం, మిగిలిన కాలేజీల సంఘం, తనిఖీ ఏజెన్సీల సంఘం, స్టూడెంట్ల సంఘం, నాలుగూ కూసొని రాసినయ్. 2005ల మంత్రులు దాన్నే ఒప్పుకున్నరు. తనిఖీ టీంల స్టూడెంట్ ఉండాలన్న మాట గట్లనే రూల్‌లకు ఎక్కింది.

అక్కడంతా బంగారమే అంటలేను. యూనివర్సిటీల సంఘం అంటె వీసీల సంఘమే, పిల్లల బాధ వాళ్లకు అన్నిసార్లు పట్టది. 2009ల జర్మనీ స్టూడెంట్లు ఇదే పద్ధతి మీద సమ్మె చేసిండ్రు, సిలబస్ కుక్కి కుక్కి చదివిస్తుండ్రని. గాని లొల్లి చేసినోళ్లకు లోపల ఒక కుర్చీ కూడ ఉండె.

మన దిక్కు చూడుండ్రి. 1925ల ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగ మొదలైన భారత యూనివర్సిటీల సంఘం, ఏఐయూ, వందేండ్ల ముసలిది. విదేశీ డిగ్రీ ఇక్కడ చెల్తదా లేదా చెప్పే పని దానిదే ఉండె. 2025 ఏప్రిల్‌ల కొత్త రెగ్యులేషన్లు తెచ్చి యూజీసీ ఆ పని తన చేతిలకు తీసుకున్నది. మన రాష్ట్రంల అయితె 2024 మే నుంచి అక్టోబర్ దాక శాతవాహన సుత మస్తు యూనివర్సిటీలు ఇన్‌చార్జి ఐఏఎస్ ఆఫీసర్ల చేతులల్లనే నడిచినయ్. సొంత వీసీయే లేని యూనివర్సిటీ ఏ మీటింగుల ఏం మాట్లాడ్తది?

ఇక్కడ సంఘాలకు బలం లేదా అంటె ఉంది. 2025 నవంబర్‌ల ప్రైవేటు కాలేజీల సంఘాలు ఫీజు బకాయిల మీద బంద్ పెడితె సర్కారు చర్చలకు వచ్చింది. పసుపు ముచ్చట మనకు ఒకలు చెప్పాల్నా? 2019ల నిజామాబాద్ ఎంపీ సీటుకు 178 మంది రైతులు పోటీల నిలబడ్డరు, మన కోరుట్ల సెగ్మెంట్ కూడ అండ్లనే. 2025 జూన్‌ల పసుపు బోర్డు ఆఫీసు నిజామాబాద్‌ల తెరిచిండ్రు.

అయితె కాలేజీల సంఘం అడిగేది కాలేజీకి రావాల్సిన పైసలు. పాఠం గంటల ముచ్చట వాళ్ల లిస్టుల కింద ఏడనో ఉంటది. న్యాక్ తనిఖీల స్టూడెంట్లకు మెయిల్‌కు ఒక సర్వే వస్తది. మనల మస్తుమంది దాన్ని తెరవకుంటనే డిలీట్ కొడ్తరు. ఫీజు బకాయిలకు ధర్నా చేసే స్టూడెంట్ సంఘాలు మనకు కొత్తగ పెట్టుకునే పని లేదు, ఉన్నయే. వచ్చే ధర్నాల డిమాండ్ల కాగితం మీద ఇంకో లైను రాయమనుండ్రి: న్యాక్ టీంల స్టూడెంట్ ఏడి?