మీ ప్రాజెక్టును గోదావరి ఒడ్డున నడిపించి చూడండి

రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్’ దగ్గర ఏం రాస్తున్నారు? అటెండెన్స్ సిస్టమ్, లైబ్రరీ మేనేజ్‌మెంట్... ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజూ చూసేవే ఇవి. మీ ప్రాంతం కథలను, ఆ చోటికి వెళ్లినవాళ్లకు వినిపించే యాప్ చేస్తే ఎలా ఉంటుంది?

ఉదాహరణకు జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలోని కోటిలింగాలనే తీసుకోండి. గోదావరిలో పెద్దవాగు కలిసే చోటిది. 1970ల చివర, 80ల మొదట్లో ఇక్కడ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు ఇక్కడ దొరికాయి. చెప్పడానికి కథ ఉంది, నడవడానికి ఒడ్డు ఉంది.

గిరి గీయడమే కీలకం

దీని వెనకున్న టెక్నిక్ పేరు జియోఫెన్సింగ్. మ్యాప్‌లో ఒక బిందువు చుట్టూ గిరి గీస్తారు. ఫోన్ అందులోకి రాగానే ఆడియో మొదలవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌కు 100 గిరులు, ఐఫోన్‌లో 20 మాత్రమే పెట్టుకోవచ్చు. గిరికి కనీసం 100 నుంచి 150 మీటర్ల వ్యాసార్థం ఉంచాలన్నది ఆండ్రాయిడ్ సూచన. మీ కథాస్థలాలు 40 మీటర్ల దూరంలోనే ఉంటే? ఒకేసారి రెండు కథలు మొదలవుతాయి. యాప్ తెరిచి ఉన్నప్పుడు నేరుగా జీపీఎస్ చదివించి, గిరిని చిన్నది చేయండి. బయలు ప్రదేశంలో ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. చెట్లు, గోడల మధ్య ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

గదిలో తెలియనివి

పాత కోటిలింగాలలో కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు బ్యాక్‌వాటర్‌లో మునిగింది. అంటే కథ జరిగిన చోటు వేరు, వినేవాళ్లు నిలబడే చోటు వేరు. ఈ రెండింటినీ డేటాబేస్‌లో విడిగా రాసుకోండి. నీటిమట్టం మారుతుంటుంది కాబట్టి గిరిని నీటి అంచున అసలే పెట్టొద్దు. సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు కనుక ఆడియోను ముందే డౌన్‌లోడ్ చేయించండి. లొకేషన్ అనుమతి కూడా యాప్ వాడుతున్నప్పటి వరకే అడగండి.

ఇక అసలు పరీక్ష. యాప్ గురించి ఏమీ తెలియని వ్యక్తి చేతికి ఫోన్ ఇచ్చి, ‘ఇట్ల నొక్కు’ అని కూడా చెప్పకుండా వెనక నడవండి. ఎక్కడ ఆగారు, ఏ కథ ఆలస్యంగా మొదలైంది, ఎండలో తెర కనిపించిందా, బ్యాటరీ ఎంత తగ్గింది... అన్నీ రాసుకోండి. తక్కువ ధర ఫోన్లతోనూ చూడండి. స్థానికుల గొంతు వాడితే వాళ్ల అనుమతి తీసుకోండి. పురాణ గాథను గాథగా, నాణేల సాక్ష్యాన్ని చరిత్రగా వేరు చేసి చెప్పండి.

రెజ్యూమెలో ‘జియోఫెన్సింగ్ యాప్ చేశాను’ అని రాసి ఊరుకోవద్దు. ఎంతమందితో నడిపించారు, ఏది పనిచేయలేదు, దాన్ని ఎలా మార్చారు అన్నది మీ లెక్కలతో మూడు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో అడగబోయే ప్రశ్నలు ఆ మూడు వాక్యాల్లోంచే వస్తాయి. జవాబులు ఎలాగూ మీ దగ్గరే ఉంటాయి.