కుక్కలకు పిడుదు జ్వరాలు: వీపు మీది చుక్క మందు ఎలా కాపాడుతుంది?

వానాకాలంలో కుక్క చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో వెతికితే మిరియం గింజల్లాంటి పిడుదులు చేతికి తగులుతాయి. కొన్ని ప్రాంతాల్లో వీటిని గోమార్లు అంటారు. రైల్వే కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, ఐఐటీని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లోనైనా, మన కోస్తా ఊళ్లలోనైనా వాతావరణం ఇంచుమించు ఒకటే. ఆ వెచ్చదనం గోధుమరంగు కుక్క పిడుదుకు బాగా నచ్చుతుంది.

పిడుదు తాగే రక్తం కన్నా అది వదిలే క్రిములే ప్రమాదకరం. ఎర్లీకియా కానిస్ అనే బ్యాక్టీరియా తెల్ల రక్తకణాల్లో చేరుతుంది. జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. బబేసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. బబేసియాలో ఒక రకమైన బబేసియా గిబ్సోనీని 1910లో తొలిసారి వర్ణించింది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే.

మందు చేసే పని

భుజాల ఎముకల మధ్య, వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీదే వేసే చుక్క మందుల్లో ఫిప్రోనిల్ బాగా తెలిసినది. ఇది చర్మపు నూనెతో కలిసి ఒళ్లంతా పాకుతుంది. నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి, వారాల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. నరాల ఉద్రేకానికి బ్రేకు వేసే క్లోరైడ్ ద్వారాలను ఈ మందు మూసేస్తుంది. బ్రేకు తప్పిన పిడుదు నరాలు అదుపు లేకుండా స్పందించి, అది చచ్చిపోతుంది. ఈ మందు క్షీరదాల ద్వారాల కన్నా పిడుదుల, కీటకాల ద్వారాలకే గట్టిగా అతుక్కుంటుంది. అందుకే కుక్కకు ముప్పు తక్కువ.

గంటల లెక్క

అయితే ఫిప్రోనిల్ పిడుదును తరిమికొట్టదు. ఎక్కిన పిడుదు చావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. బబేసియా సోకడానికి సాధారణంగా అంతే సమయం పడుతుంది కాబట్టి మందు గెలిచే అవకాశం ఉంది. ఎర్లీకియా అలా కాదు. పిడుదు అతుక్కున్న కొద్ది గంటల్లోనే అది కుక్క ఒంట్లోకి చేరగలదని ప్రయోగాల్లో తేలింది. కుట్టకముందే పిడుదును దూరంగా ఉంచే పెర్మెత్రిన్ వంటి మందుల విలువ ఇక్కడే తెలుస్తుంది. కానీ పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం. వాటి కాలేయం దాన్ని త్వరగా విరిచెయ్యలేదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ సంగతి పశువైద్యుడికి ముందే చెప్పాలి. పశువుల కోసం అమ్మే గాఢమైన మందును అంచనాగా కలిపి కుక్కకు పూయడం కూడా ప్రమాదమే.

చుక్క మందు వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజుల పాటు స్నానం చేయించకపోవడం మేలు. బరువుకు తగిన మోతాదు, చెప్పిన వ్యవధి తప్పకూడదు.

గోడ పగుళ్లలో మిగిలింది

ఒక ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది, అదీ కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, గోనెల కింద. కుక్కకు మాత్రమే మందు వేసి పడుకునే చోటును వదిలేస్తే కొత్త పిడుదులు పుడుతూనే ఉంటాయి. కనిపించిన పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి, వేళ్లతో నలపకూడదు. ఈ పిడుదులు మనుషులకూ టైఫస్ జ్వరాన్ని మోసుకొస్తాయి.

ఎర్లీకియా సోకిన కుక్క తొలి జ్వరం తగ్గాక నెలల తరబడి మామూలుగానే కనిపించవచ్చు. ఆ తర్వాత ఎముక మజ్జ దెబ్బతింటే బతికించడం కష్టం. తొలి దశలోనే రక్తపరీక్షతో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. పిడుదులు పట్టిన కుక్క రెండు పూటలు తిండి మానేస్తే, వేచి చూడకుండా పరీక్ష చేయించడం మంచిది.